రాజీనామాకు తొందరేముంది?

నచ్చిన పని చేయాలంటే ఉద్యోగం మానేయాల్సిందే అని ఊదరగొట్టేవాళ్ల మాటలు వింటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. సంగీతకారుడు నికొలాస్ హార్నాన్‌కూర్ 17 ఏళ్లు ఆగారు.

1952లో ఆయన వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించే ఉద్యోగంలో చేరారు. బాఖ్, మోజార్ట్‌ల సంగీతాన్ని అందరూ నున్నగా, తియ్యగా వాయిస్తుంటే ఆయనకు మింగుడుపడలేదు. ఆ రోజుల్లోనూ ఇలాగే వాయించేవారా? అనుమానమైతే వచ్చింది గానీ, ఉద్యోగం విసిరికొట్టలేదు. మరుసటి ఏడాదే భార్య ఆలిస్‌, మరికొందరు కళాకారులతో కలిసి ‘కొన్‌చెంటుస్ మూజికుస్’ అనే బృందం కట్టారు. పాత వాద్యాలు సంపాదించారు. మోజార్ట్ తండ్రి లియోపోల్డ్ 1756లో వేసిన వయొలిన్ పుస్తకం లాంటివి ముందేసుకుని కూర్చున్నారు.

పని తేలికేం కాదు. ఆ పాత వాద్యాలకుండే పేగు తీగలు కాస్త ఉక్కపోస్తే చాలు, శ్రుతి తప్పుతాయి. పాత కమాను కొస తేలిక. గట్టిగా మొదలైన స్వరం చివరికొచ్చేసరికి దానంతటదే సన్నబడుతుంది. దాన్ని లోపమనుకుని సరిచేయబోలేదు వాళ్లు. ఆ సంగీతం పలికే తీరే అదని పట్టుకున్నారు. మీ పనిలోనూ అడ్డంకి అనుకుంటున్నదాన్ని ఒకసారి ఇలా తిప్పి చూడండి.

బయట తొలి కచేరీ ఎప్పుడనుకున్నారు? 1957లో! నాలుగేళ్ల రిహార్సల్స్ తర్వాత. మనమైతే నాలుగో రోజుకే రీల్ పెట్టేస్తాం. నెలనెలా జీతం వస్తుంటే దొరికే అసలు లాభం, నా లెక్కలో, ఇదే: పచ్చి సరుకును సంతకు మోయక్కర్లేదు.

1969లో గానీ ఆయన ఆర్కెస్ట్రా వదల్లేదు. తన బృందాన్ని చెల్లో వాయిస్తూనే నడిపించిన మనిషి, 1972లో మిలాన్‌లోని లా స్కాలాలో మాంటెవెర్డి ఒపెరాకు కండక్టర్‌గా నిలబడ్డారు. అప్పటికి 42 ఏళ్లు. సాటి సంగీతకారుడు గుస్టాఫ్ లియోన్‌హార్ట్‌తో పంచుకుని మొదలుపెట్టిన బాఖ్ కాంటాటాల (గాత్ర రచనల) రికార్డింగు 1990 దాకా సాగింది.

ఇంత ఇరుకు దారి పడితే జీవితాంతం అందులోనే ఉండిపోతామేమో అని బెంగా? ఈ ‘పాత సంగీతం’ ఆయన 2001, 2003ల్లో వియన్నా ఫిల్హార్మోనిక్ కొత్త సంవత్సరపు కచేరీ నడిపారు. 2009లో, 79 ఏళ్ల వయసులో, గ్రాజ్‌లో గెర్ష్విన్ రాసిన అమెరికన్ ఒపెరా ‘పోర్గీ అండ్ బెస్’ చేపట్టారు.