స్టీరింగ్‌లో ‘ఆట’ ఎక్కడుందో ముందు పట్టండి

పాతబస్తీలోని మలక్‌పేట గంజ్‌కు ఉల్లిగడ్డ లోడుతో వచ్చే బండ్లలో పాత డీసీఎంలూ ఉంటాయి. స్టీరింగ్ కాస్త వదులైనా హైవే మీద డ్రైవరు ఎలాగో సర్దుకుపోతాడు. గంజ్ దగ్గర ఆటోలు, తోపుడు బండ్ల మధ్యకు వచ్చాక అర సెకను ఆలస్యమైనా ప్రాణాల మీదికి వస్తుంది.

‘ఢీలా హై’ అనగానే ఇక్కడి మిస్త్రీకి సంగతి అర్థమవుతుంది. చాలామంది రైతులు స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగించమంటారు. నిజానికి అది ఆఖరున చేయాల్సిన పని.

ముందు ఆట ఎంతుందో కొలవాలి. చదును నేల మీద చక్రాలు నిటారుగా ఉంచి బండి ఆపండి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజను నడుస్తుండాలి. స్టీరింగును మెల్లగా ఎడమకు తిప్పి, చక్రం కదలబోయే చోట ఆపి, రిమ్ము మీద సుద్దగీత పెట్టండి. కుడికి తిప్పి, అదే స్థానంలో ఇంకో గీత. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వ నియమం ప్రకారం ఈ ఆట 30 డిగ్రీలు మించరాదు. అంటే గడియారంలో 12 నుంచి 1 దాకా. 40 సెం.మీ. వ్యాసమున్న స్టీరింగ్ అంచున ఇది సుమారు పదిన్నర సెం.మీ. అంతదాకా రానివ్వడమే ఎక్కువ.

ఇక జాడ తీయాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు కింద చూడాలి. వేళ్లు జాయింట్ల మధ్య పెట్టొద్దు. రాడ్డు తిరిగినా డ్రాప్ ఆర్మ్ కదలకపోతే లోపం బాక్సులో ఉన్నట్టు. బాక్సే ఊగితే బోల్టులు వదులైనట్టు. డ్రాప్ ఆర్మ్ కదిలాక డ్రాగ్ లింకు ఆలస్యంగా కదిలితే మధ్యనున్న బాల్ జాయింటు అరిగిందన్నమాట. టై రాడ్డు చివర్లనూ ఇలాగే చూడాలి. రబ్బరు టోపీ చిరిగిన జాయింటునే మొదట అనుమానించండి, దుమ్మూ నీళ్లూ దూరేది అక్కడే.

తరువాత ముందు చక్రం జాకీతో లేపి, ఇరుసు కింద దిమ్మె పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఊగితే బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. ఊగుడు ఆగితే హబ్ బేరింగు, ఆగకుంటే కింగ్ పిన్ను.

ఇవన్నీ బాగుంటేనే బాక్సు స్క్రూ జోలికి పోవాలి. అతిగా బిగిస్తే స్టీరింగ్ మధ్యలో పట్టేస్తుంది, మలుపు తిరిగాక చక్రాలు వాటంతట అవి నిటారుకు రావు. అరిగిన జాయింటుకు వెల్డింగ్ పెట్టించి నడిపేవాళ్లున్నారు, ఆ పని అసలే వద్దు. కొత్త జాయింటుకు స్ప్లిట్ పిన్ను కూడా కొత్తదే వేయించి, టో-ఇన్ సరిచూపించాకే లోడెత్తండి.