బుధవారం సాయంత్రం ఏం చేస్తావు?

చి. అమ్మలూ,

వీసా స్టాంపింగ్ అయిపోయిందని మా అక్క, అదే మీ అమ్మ, చెప్పింది. అప్పటినుంచి రోజూ ఏదో ఒక సందేహంతో ఫోను. ఆవకాయ సీసాకి ఎన్ని కవర్లు చుట్టాలి, కుక్కర్ చెక్-ఇన్ సామాన్లో పెట్టాలా, రగ్గులు ఇక్కడ కొనాలా అక్కడ కొనుక్కోవాలా అని. అవన్నీ ఎలాగోలా తేలతాయిలే. నువ్వడిగినవి మాత్రం రెండే: పార్ట్‌టైమ్ దొరుకుతుందా, ఆ ఊళ్ళో బోరు కొట్టదా. ఫోన్లో చెబితే మధ్యలో అక్క అందుకుంటుంది. అందుకని రాస్తున్నాను.

ఇలినాయ్ యూనివర్సిటీ అనగానే చుట్టాలంతా నువ్వు చికాగో వెళ్తున్నావనుకుంటున్నారట. చికాగోకి అది 135 మైళ్ళు. రైల్లో రెండున్నర, మూడు గంటలు. మధ్యలో కిటికీలోంచి కనిపించేది మొక్కజొన్న, సోయా, మళ్ళీ మొక్కజొన్న. గుట్ట అన్నది లేదు. దిగాక ఒక ఊరు కాదు, రెండు. రైట్ స్ట్రీట్‌కి పడమట షాంపేన్, తూర్పున అర్బానా. క్యాంపస్ రెండిట్లోనూ ఉంటుంది. అటు ఒక మేయరు, ఇటు ఒక మేయరు. చదువుకునే పిల్లలకి ఆ తేడా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

1867లో పెట్టినప్పుడు ఆ యూనివర్సిటీ రైతుల పిల్లలకి వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పడానికి పెట్టిన కాలేజీ. ఇప్పటికీ క్యాంపస్ నడిబొడ్డున మారో ప్లాట్స్ అని చిన్న పొలం ఉంది, 1876 నుంచి అందులో ప్రయోగాలు ఆగలేదు. దాని పక్కన లైబ్రరీ కట్టాల్సొస్తే, పైరు మీద నీడ పడుతుందని 1969లో లైబ్రరీని భూమి లోపల కట్టారు. మొక్కజొన్నని ఎండలో ఉంచి పిల్లల్ని నేలమాళిగలోకి పంపిన ఊరమ్మా అది! ఆ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే అక్కడి మనుషులు త్వరగా అర్థమవుతారు. పెద్ద మాటలు మాట్లాడరు. పొద్దున్నే లేస్తారు, పని చేసుకుంటారు, అయిదు కొట్టగానే ఇంటికి పోతారు. పోయాక ఇక పని ఊసెత్తరు.

పని సంగతికొస్తాను. ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు చేయొచ్చు, అదీ క్యాంపస్‌లోనే. రెండు చోట్ల చేసినా రెండూ కలిపి 20. సెలవుల్లో ఎక్కువ చేసుకోవచ్చు. కంపెనీలో ఇంటర్న్‌షిప్ అయితే సీపీటీ అనే అనుమతి కావాలి, మామూలుగా అది ఒక విద్యా సంవత్సరం గడిచాకే. క్యాంపస్‌కి దక్షిణాన రీసెర్చ్ పార్కులో జాన్ డీర్, క్యాటర్‌పిల్లర్ లాంటివాళ్ళ ఆఫీసులున్నాయి, దాని మీద కన్నేసి ఉంచు. పాఠాలకి సాయపడే టీఏ, పరిశోధనకి సాయపడే ఆర్ఏ ఉద్యోగం దొరికితే సరేసరి. వారానికి 10 గంటల పనిని 25 శాతం అపాయింట్‌మెంట్ అంటారు, 25 నుంచి 67 శాతం దాకా ఉన్నవాళ్ళకి ట్యూషన్ మాఫీ. కానీ అక్కడో మెలిక ఉంది. కొన్ని ఎమ్మెస్ ప్రోగ్రాములకి ఆ మాఫీ వర్తించదు. సీనియర్లు చెప్పింది నమ్మి కూర్చోకుండా నీ అడ్మిషన్ లెటర్ తీసి ఆ ముక్క చదువు.

ఊరి బయట గ్యాస్ స్టేషన్లోనో మోటెల్లోనో చేతికి డబ్బిస్తాం రమ్మని ఎవరో ఒకరు పిలుస్తారు, చాలాసార్లు మనవాళ్ళే. వెళ్ళకు. దొరికితే నీ వీసా స్టేటస్ పోతుంది, వాళ్ళు ఇంకో కుర్రాణ్ణి చూసుకుంటారు.

మిగిలింది డైనింగ్ హాల్, లైబ్రరీ, జిమ్ కౌంటర్. మొదటి సెమిస్టర్‌లో అందరికంటే ముందు పిలిచేది డైనింగ్ హాలే. నేనూ చేశాను. నాది డిష్‌రూమ్. ట్రేలు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. సగం తిన్న పిజ్జా, కెచప్‌లో ముంచి వదిలేసిన ఫ్రైస్, గ్లాసులో కుక్కిన న్యాప్‌కిన్లు. అవి చెత్తలోకి తోసి, కంచాలు రాక్‌లో నిలబెట్టి మెషిన్లోకి నెట్టాలి. అటువైపు నుంచి పొగలు కక్కుతూ బయటికొస్తాయి. తీసి పేర్చేటప్పుడు వేళ్ళు కాలతాయి. నాతోపాటు పనిచేసిన ఒకావిడ దగ్గరి ఊరు రాంటూల్ నుంచి రోజూ కారేసుకుని వచ్చేది. "గ్లవ్స్ రెండు జతలు వేసుకో, లోపలిది సైజు చిన్నది తీసుకో" అని మొదటిరోజే చెప్పింది. ఆ మాట ఏ ఓరియెంటేషన్‌లోనూ చెప్పరు. బీన్స్ ఎప్పుడు కోతకొస్తాయో, ఏ చర్చిలో చలికోట్లు ఉచితంగా ఇస్తారో, టోర్నడో సైరన్ నిజంగా మోగితే ఏ మెట్ల కిందకి పోవాలో, అన్నీ ఆవిడ దగ్గరే విన్నాను. (ప్రతి నెలా మొదటి మంగళవారం పొద్దున పదింటికి ఆ సైరన్ పరీక్షకని మోగిస్తారు. కంగారుపడకు.)

మనవాళ్ళలో ఇదంతా ఇంటికి చెప్పరు. "లైబ్రరీలో చేస్తున్నా" అంటారు. ఎంగిలి కంచాలు తీస్తోందని తెలిస్తే అమ్మ ఏడుస్తుందని. అక్క కూడా ఏడుస్తుంది, నాకు తెలుసు. అయినా చెప్పు. ఒక పూట ఏడ్చి ఊరుకుంటుంది. దాచిన పనిని నువ్వు కూడా తక్కువగా చూడటం మొదలుపెడతావు, నాకు దిగులు దాని గురించే. పక్కన నిలబడి చేసేవాళ్ళలో రైతుబిడ్డలుంటారు, డాక్టర్ల పిల్లలుంటారు. అక్కడ దాన్నెవరూ పట్టించుకోరు.

ఇలినాయ్‌లో 2025 నుంచి కనీస కూలి గంటకి 15 డాలర్లు. వారానికి 20 గంటలు పూర్తిగా చేస్తే పన్నులకి ముందు 300. అద్దె, సరుకులు కాస్త చేయి బిగబట్టుకుంటే గడుస్తాయి, ఫీజు మాత్రం గడవదు. పే స్లిప్‌లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత కనిపిస్తే వెంటనే ఆఫీసుకెళ్ళి అడుగు, ఎఫ్-1 వాళ్ళకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అది ఉండకూడదు. టాక్స్ రిటర్న్ వేసేటప్పుడు మన దేశంతో ఉన్న ఒప్పందం వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, మిగతా దేశాల పిల్లలకి చాలామందికి ఆ వీలు లేదు. ఎవరో వేసిన రిటర్న్ చూసి కాపీ కొట్టకు.

ఇక నీ రెండో ప్రశ్న. బోరు కొడుతుందా? కొడుతుంది. నువ్వు ఏమీ చేయకపోతే ఘోరంగా కొడుతుంది. డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అడ్డం లేని నేల కదా, గాలి ఎక్కడో బయలుదేరి నేరుగా నీ మొహం మీదకే వస్తుంది. ఆ నెలల్లో మన పిల్లలు ఏం చేస్తారో చెప్పనా? నలుగురు తెలుగువాళ్ళు ఒక ఇల్లు తీసుకుంటారు. వంట టర్న్‌లు వేసుకుంటారు. పోపుకి పొగ అలారం మోగితే టవల్ పట్టుకుని ఊపుతారు. తిని, ఫోను పట్టుకుని పడుకుంటారు. శనివారం బిర్యానీ, ఆదివారం అసైన్‌మెంట్. రెండేళ్ళు గడుస్తాయి. ఉద్యోగం వస్తుంది, వెళ్ళిపోతారు. అర్బానాలో ఉన్నానంటారు గానీ ఉన్నది అమీర్‌పేటలోనే. రూమ్మేట్లని వదులుకోమనడం లేదు. జ్వరం వచ్చినప్పుడు చారు పెట్టేది వాళ్ళే. కానీ వారంలో ఒక్క సాయంత్రం, బుధవారం అనుకుందాం, ఆ ఇంట్లో ఉండకు.

ఎక్కడికి పోవాలంటావా? ఆగస్టులో క్లాసులు మొదలయ్యే ముందు క్వాడ్ డే అని జరుగుతుంది. ఇలినీ యూనియన్ ముందు నుంచి ఫోలింగర్ ఆడిటోరియం దాకా పచ్చికంతా బల్లలే, వందల క్లబ్బులు. మన సంఘం బల్ల దగ్గర ఎలాగూ ఆగుతావు, సరే. కానీ నీకు ముక్క కూడా రాని పని నేర్పేవాళ్ళ దగ్గర కూడా ఒకచోట పేరు రాసుకో. కుండలు చేయడమో, పిట్టల్ని చూడటమో, కత్తి యుద్ధమో, ఏదైనా సరే. నీకేమీ రానిచోట నిన్నెవరూ జీపీఏ అడగరు.

జాన్ బార్డీన్ గురించి చెప్తాను. ట్రాన్సిస్టర్ కనిపెట్టిన ముగ్గురిలో ఒకడు, భౌతికశాస్త్రంలో రెండుసార్లు, 1956లో, 1972లో, నోబెల్ వచ్చింది ఆయనొక్కడికే. 1951 నుంచి ఆ ఊళ్ళోనే ప్రొఫెసరు. ఆయనకి గోల్ఫ్ పిచ్చి. ఏళ్ళ తరబడి కలిసి ఆడిన ఒకాయన ఓ రోజు, "ఇంతకీ మీరేం పని చేస్తుంటారు?" అని అడిగాడని చెప్పుకుంటారు. మనవైపు అయితే మొదటి పరిచయంలోనే ప్యాకేజీ దాకా కనుక్కుంటాం. ఆ ఊరి పద్ధతి నాకు నచ్చింది. ఆడుకునేచోట ఆటే మాట్లాడతారు.

ఇలా సాయంత్రం బయటికి వెళ్ళడానికి డబ్బు గురించి బెంగ వద్దు. విద్యార్థి ఫీజులోనే బస్సు పాస్ కలిసి ఉంటుంది, ఐ-కార్డ్ అనే విద్యార్థి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. అర్బానా ఫ్రీ లైబ్రరీ 1874 నుంచి ఉంది, ఊళ్ళో ఉంటున్నట్టు చిరునామా చూపిస్తే కార్డు ఇస్తారు. క్రానర్ట్ సెంటర్లో కచేరీలకి విద్యార్థి టిక్కెట్టు చవక, చలికాలంలో ఆ లాబీలో ఊరికే కూర్చున్నా ఏమీ అనరు. షాంపేన్‌లోని వర్జీనియా థియేటర్ 1921 నాటిది, బయట రోజర్ ఈబర్ట్ కంచు విగ్రహం సినిమా కుర్చీలో కూర్చుని బొటనవేలు పైకెత్తి ఉంటుంది. పేరున్న సినిమా విమర్శకుడాయన, పుట్టింది అర్బానాలోనే. ఏప్రిల్లో జపాన్ హౌస్ దగ్గర చెర్రీ చెట్లు పూస్తాయి. ఫుట్‌బాల్ శనివారాలు ఒకటి రెండు చూడు, చాలు. నాకైతే ఆ ఆట ఇప్పటికీ బోధపడలేదు.

మంచం, బల్ల, దీపం కొత్తవి కొనకు. ఆగస్టులో లీజులన్నీ ఒకేసారి మారతాయి. వెళ్ళిపోయే పిల్లలు వదిలేసిన సామానుని యూనివర్సిటీ వైఎంసీఏ వాళ్ళు పోగుచేసి డంప్ అండ్ రన్ అని అమ్ముతారు. ముందే వెళ్ళు. పరుపు మాత్రం కొత్తదే కొనుక్కో, నల్లుల గొడవ మనకొద్దు.

మే నుంచి అక్టోబర్ దాకా శనివారం పొద్దున అర్బానాలో మార్కెట్ అట్ ద స్క్వేర్. కారు పార్కింగ్ స్థలంలోనే గుడారాలు వేసి రైతులే అమ్ముతారు. ఆగస్టులో దిగుతావు కాబట్టి మొక్కజొన్న కండెలు మంచి రుచిమీద ఉంటాయి. బేరం ఆడకు, అక్కడ అది మర్యాద కాదు. పన్నెండింటికల్లా సర్దేస్తారు.

ఇంకొకటి, ఇది నా స్వార్థం. మెడోబ్రూక్ పార్కులో పాతకాలపు ప్రెయిరీ గడ్డిని మళ్ళీ పెంచారు, ఆగస్టు, సెప్టెంబర్‌లలో మనిషిని మించి ఉంటుంది. దాని పక్కనే పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్ళు కూరగాయలు వేసుకోవడానికి చిన్న చిన్న మళ్ళు అద్దెకిస్తారు. బాబాయి అక్కడే గోంగూర వేసేవాడు. పక్క మడి ముసలాయన అదేం పిచ్చిమొక్కో అనుకుని జాలిపడి కలుపుతీసే పార ఇచ్చాడు. తర్వాత పచ్చడి తిని విత్తనాలు అడిగాడు. చలికాలం పోకముందే ఆ మళ్ళకి పేరు నమోదు చేయించుకో, త్వరగా అయిపోతాయి. విత్తనాలు సూట్‌కేసులో పెట్టుకురాకు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. నా దగ్గరున్నవి డాలస్ నుంచి పోస్టులో పంపిస్తాను. ఏప్రిల్లో రెండు రోజులు ఎండ కాయగానే తొందరపడి చల్లకు, మళ్ళీ మంచు పడుతుంది. మే రెండో వారం దాటనివ్వు.

దిగగానే ఫోన్ చెయ్యి. ముందు అక్కకి, తర్వాత నాకు.

మీ పిన్ని