నిలిచిపోయిన చిన్నకారు: ఇంజనును మరల కట్టింపవలెనా?

ఈ సంవత్సరము మా పై తరగతి విద్యార్థులకు సూక్ష్మమైన కొలతలను గూర్చిన పాఠము తరగతిగదిలో జరుగలేదు. తార్నాకలో ఒక పాత యింటి షెడ్డులో జరిగినది. అందుకు కారణము ఒక చిన్నకారు. దాని కథను, అందుమూలమున మేము నేర్చిన సంగతులను, ఈ పత్రిక చదువు తలిదండ్రులకును తక్కిన తరగతుల బాలబాలికలకును తెలుపుట మంచిదని తలంచి వ్రాయుచున్నాము.

తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి పోవు బాటను మన పిల్లలలో ఎఱుగనివారుండరు. ఆ బాటకు సమీపముననే, విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న ఆచార్యులవారొకరు నివసించుచున్నారు. వారికి 1959లో మొదట రిజిష్టరైన మారిసు మైనరు కారు కలదు. గడచిన వేసవిలో ఒక ఉదయమున వారు దానిలో ఆర్ట్సు కాలేజీవైపు పోవుచుండగా ఆయిలు దీపము వెలిగెను. కొంతసేపటికి ఇంజనులో సమ్మెటతో కొట్టినట్లు టకటక ధ్వని పుట్టెను. చెట్ల నీడ చేరిన పిదప ఆపుదమని వారు మఱియొక ఫర్లాంగు పోనిచ్చిరి. 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆ మహాభవనము కనబడుచుండగనే బండి నిలిచిపోయెను. అంతకంటె వెలగల ఫర్లాంగు తాము జన్మములో ప్రయాణము చేయలేదని వారే నవ్వుచు మాతో చెప్పిరి.

బండిని త్రాళ్లతో ఇంటికి లాగించిన తరువాత సలహాలకు కొదువ లేకపోయెను. పాత యినుము క్రింద అమ్మివేయుడని ఒకరు, మారుతి ఇంజనును బిగించి హాయిగా తిరుగుడని వేఱొకరు, ఎంత ఖర్చయినను ఉన్న ఇంజనునే కట్టింపుడని ఇంకొకరు చెప్పిరి. వీరిలో ఎవ్వరును ఇంజనును విప్పి చూచినవారు కారు. ఆచార్యులవారు మాత్రము, "కొలిచిన పిమ్మటనే మాట్లాడుదము. మీ పిల్లలను పంపుడు, మైక్రోమీటరు నాయొద్ద నున్నది" అని మాకు కబురంపిరి.

కారును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఆక్సుఫర్డు పట్టణములో సైకిళ్లు బాగుచేయుటతో జీవనము మొదలుపెట్టి, పిదప నఫీల్డు ప్రభువైన విలియం మారిసు స్థాపించిన కర్మాగారములో ఇది పుట్టినది. దీనిని రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిసు. 1948లో వెలువడి, 1960 సంవత్సరాంతమునకు పదిలక్షల సంఖ్యను చేరెను. ఆ సంఖ్యను చేరిన మొదటి బ్రిటిషు కారు ఇదియే. మన వీధులలో బహుకాలము తిరిగిన అంబాసిడరు కూడ మారిసు వంశములోనిదే. దానికి మూలము మారిసు ఆక్సుఫర్డు. మైనరునకు మొదట 918, 1956నుండి 948, 1962నుండి 1098 ఘనసెంటీమీటర్ల ఇంజనులు వచ్చినవి. మన ఆచార్యులవారిది నడిమిది.

విప్పుటకు ముందు ధ్వనినిబట్టి జబ్బును గుర్తించు విద్య యొకటి కలదు. పిస్టను వదులైనచో ఇంజను చల్లగా నున్నప్పుడు చప్పుడెక్కువగా నుండి, వేడెక్కినకొలది తగ్గును. కనెక్టింగురాడ్డు క్రిందికొనయందలి బేరింగు పోయినచో వేడెక్కినను తగ్గదు. భారము పడినకొలది హెచ్చును. ఈ పనికై పిలిపించిన ఉస్తాదు, నలువది యేండ్లుగా పాతకార్లనే నమ్ముకొని బ్రదుకుచున్న పెద్దమనిషి, ఇంజనును కొన్ని క్షణములు మాత్రము నడపి, ప్లగ్గుల తీగలను ఒక్కొక్కటిగా తప్పించి చూచెను. మూడవదానిని తప్పించినప్పుడు చప్పుడు మెత్తబడెను. ఆ సిలిండరులో ప్రేలుడు లేనందున ఆ బేరింగుపై దెబ్బ తగ్గినదన్నమాట. వెంటనే ఆపివేసెను. ఈ పరీక్షను మరల చేయుమని మా పిల్లలు బతిమాలినను ఆయన ఒప్పుకొనలేదు; అది మంచిదే, ప్రతి త్రిప్పునకును లోపల ఇంకొంత అరుగుచునే యుండును.

బేరింగు ఎందుకు పోయినది? తిరుగుచున్న క్రాంకుషాఫ్టు బేరింగు చిప్పను నిజమునకు తాకదు. రెంటికి నడుమ అంగుళములో వెయ్యింట ఒకటి రెండు వంతుల సందు మాత్రముండును. పనివారు ఒక్కొక్క వంతును "థౌ" అందురు. మన తల వెండ్రుక మందము సుమారు రెండుమొదలు నాలుగు థౌల వఱకు నుండును. అంత సన్నని సందులో నిలిచిన నూనెపొరపై షాఫ్టు తేలుచు తిరుగును. నూనె ఆగినచో లోహము లోహమును ఒరయును. చాంబరు విప్పగా కారణము కనబడెను: నూనెను పీల్చు జల్లెడ నల్లని జిగురుమడ్డితో పూడిపోయియుండెను. ఆచార్యులవారు వారమున కొకమాఱు అరమైలు దూరము మాత్రము బండిని త్రిప్పుచుండిరి. ఇంజను చక్కగా వేడెక్కకమునుపే ఆపివేయుటచే, లోపల చేరిన నీటితేమయు మసియు ఆవిరిగా పోక నూనెలో కలిసి మడ్డిగా మాఱినవి. అధికముగా తిప్పుటచే చెడిన బండ్లను మనము చూచియుంటిమి. ఇది ముద్దుగా దాచుటచే చెడినది.

ఇక కొలతలు. క్రాంకుషాఫ్టును కిరసనాయిలుతో కడిగి, తుడిచి, సుద్దపొడి చల్లి ఉంచితిమి. పగులున్నచో దానిలో దాగిన కిరసనాయిలు మెల్లగా ఊరి సుద్దపై గీత గీయును. ఒక గంట చూచితిమి, గీత రాలేదు. పిల్లల ముఖములలో సంతోషము కనబడెను గాని ఆచార్యులవారు తొందరపడవద్దనిరి. పిమ్మట నాలుగు క్రాంకుపిన్నులను ఒక్కొక్కదానిని అడ్డముగను నిలువుగను కొలిపించిరి. ఒక బాలుడు ఒకమాఱు కొలిచి వ్రాయబోగా, మూడు మాఱులు కొలువకున్న కొలత కాదని వారించిరి. మూడు పిన్నులు ఒక థౌ కంటె తక్కువ తేడాతో గుండ్రముగనే యున్నవి. మూడవ సిలిండరు పిన్ను మాత్రము నాలుగు థౌలు కోడిగ్రుడ్డువలె సాగి, లోతైన గీతలు పడియుండెను.

అసలు చిక్కు ఇక్కడనే యున్నది. ఈ షాఫ్టు కొత్తది కాదు. లోగడ ఎప్పుడో ఒకమాఱు దీనిని 20 థౌలు తగ్గించి గ్రైండింగు చేయించియున్నారు. పాత చిప్పల వీపున ఆ అంకె చెక్కబడి యున్నది. చిప్పలు 10, 20, 30, 40 థౌల కొలతలలో మాత్రమే దొరకును. గీతలన్నియు పోవలెనన్న వ్యాసములో ఇంకను 14 థౌలు తీయవలెను. ఇరువదియు పదునాలుగును కలిపిన 34. కనుక 30 చాలదు, 40కి పోవలెను. దాని తరువాత సైజు లేదు. "సారూ, ఇది ఆఖరి సైజు. మళ్లీ పోతే ఈ షాఫ్టుకు మందు లేదు" అని ఉస్తాదు చెప్పెను. చెడిన పిన్ను నొక్కదానినే అరగదీసిన చాలదా యని ఒక బాలిక అడిగెను. మంచి ప్రశ్న. చిప్పలు నాలుగింటికి కలిపి ఒక జతగా అమ్ముదురు. నాలుగు పిన్నులు ఒకే కొలతలో నుండుట తూకమునకును మేలు. అందుచే నాలుగింటికిని ఒకటే ఆయుస్సు.

సిలిండర్ల సంగతి ఇంతకంటె నయము. అవి పై అంచున 6 థౌలు, క్రింద అంతకంటె తక్కువ అరిగినవి. పైననే వేడిమియు ఒత్తిడియు హెచ్చు, నూనె అందుట తక్కువ. ఇవియు మునుపు 20 థౌలు పెంచినవే. 30కి బోరు చేయించిన సరిపోవును. ఇచ్చట పిల్లలకొక లెక్క ఇచ్చితిమి. కొత్త ఇంజను సిలిండరు వ్యాసము 6.294 సెంటీమీటర్లు, పిస్టను నడక 7.62 సెంటీమీటర్లు, సిలిండర్లు నాలుగు. వైశాల్యమును నడకతోను నాలుగుతోను హెచ్చింపగా 948 వచ్చును. 30 థౌలు పెంచినచో వ్యాసము 6.370 అగును, ఘనపరిమాణము 971. రిపేరు చేయించినందున ఇంజను ఇరువదిమూడు ఘనసెంటీమీటర్లు పెద్దదగుట పిల్లలకు వింతగా తోచెను.

మారుతి ఇంజను సలహాను కూడ తేలికగా త్రోసివేయలేదు. అది 796 ఘనసెంటీమీటర్లది, చవుక, విడిభాగములు ప్రతి వీధిలోను దొరకును. ఊరిలో తిరుగుటయే ముఖ్యమైనచో అది తెలివిమాలిన పని కాదు. కాని దానిని అమర్చుటకు పాత బిగింపులను కోయవలెను. కోసినదానిని మరల యథాస్థితికి తెచ్చుట కష్టము. మఱియొక సంగతి. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములనుబట్టి, మొదటి రిజిష్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్పుచెందక అసలు రూపమున నున్న కారు "వింటేజి" వాహనముగా నమోదు కావచ్చును. నంబరులో "వీ ఏ" అను అక్షరములుండును. ఇంజనును మార్చిన ఆ గౌరవము పోవును. ఐనను ఆ గౌరవమునకు మూల్యము లేకపోలేదు: అట్లు నమోదైన బండిని ప్రదర్శనలు మొదలగువానికే గాని నిత్యమును రోడ్డుపై త్రిప్పగూడదు. కూరగాయలకై తార్నాక మార్కెట్టుకు పోవు కారునకు ఇది పొసగదు. మా యభిప్రాయమున, అదే నమూనా భాగములతో అదే ఇంజనును బాగుచేయుట మార్పు కాదు. ఆలయరథమునకు చక్రము మార్చినను స్వామి ఎక్కునది ఆ రథమే గదా.

పెట్రోలు విషయము క్లుప్తముగా. మనదేశమున సీసము కలిపిన పెట్రోలు 2000 సంవత్సరముతో ముగిసినది. పాత ఇంజనులలో వాల్వుల కూర్చుండు చోటిని ఆ సీసమే కాపాడుచుండెను. కనుక హెడ్డులో గట్టిలోహపు సీట్లు వేయించుట మంచిది. నేటి పెట్రోలులోని ఇథనాలు పాత రబ్బరు గొట్టములను పాడుచేయును గనుక అవియు మార్చవలెను.

ఇన్నియు వ్రాసి కూడగా, రిపేరు వ్యయము కారు అమ్మిన వచ్చు వెలతో దాదాపు సమానమాయెను. వ్యాపారదృష్టిని చూచిన ఇది నష్టమే. విద్యార్థులలో వాదము రేగెను. ఆచార్యులవారు కాగితమును చేతబట్టుకొని చాలసేపు ఊరకుండిరి. అప్పుడు వారి భార్య, అనగా మేము అమ్మగారని పిలుచువారు, లోపలినుండి వచ్చి కూర్చుండిరి. ఆమె కారు నడపుట నేర్చినది విశ్వవిద్యాలయపు బాటలలో, ఈ బండిలోనే. కాని ఆమె తొలుత అడిగినది వేఱు: "వర్షాకాలము వచ్చుచున్నది. వంటయింటి కప్పు కురియుచున్నది. ఆ డబ్బు దానికై దాచినది కాదా?" ఆచార్యులవారు తల వంచుకొనిరి. మేమును ఏమియు పలుకలేకపోతిమి. అన్ని కొలతలు తీసిన మాకు ఆ కప్పు కనబడలేదు.

పిమ్మట ఆమెయే కాగితమును తీసికొని, "ఆఖరి సైజు అన్నారు. ఇంక ఎంత దూరము నడచును?" అని ఉస్తాదు నడిగెను. నూనె సకాలమున మార్చి, వారమున కొకమాఱైనను దూరము త్రిప్పి బాగుగా వేడెక్కించినచో పిల్లలు పెద్దవారగువఱకు నడచునని అతడు చెప్పెను. "మాకు అంత చాలును" అని ఆమె అనెను. ఆమె చేసిన ఏర్పాటు ఇది: ఇంటికప్పు ముందు. ఈ యేడు షాఫ్టు గ్రైండింగు, సిలిండర్ల బోరు మాత్రమే. పిస్టనులు, చిప్పలు, గాస్కెట్లు, హెడ్డు పని దసరా తరువాత. మారుతి ఇంజను ప్రస్తావన మరల రాలేదు.

షాఫ్టు రాణిగంజికి పోయి వచ్చినది. దానికి నూనె పూసి, గుడ్డ చుట్టి, షెడ్డు మూలలో కొనపై నిలువుగా నిలిపియుంచితిమి. అడ్డముగా పరుండబెట్టిన వంగునని ఉస్తాదు ఆజ్ఞ. వంటయింటి కప్పు జూను మొదటివానకు ముందే పూర్తియైనది. చిప్పల జత ఇంగ్లండునుండి రావలసియున్నది.