ఒక ఊపిరితిత్తిని ఆపి చేసే ఆపరేషన్ – భయపడవలసిన పని లేదు

నిమ్ము ముదిరి ఊపిరితిత్తి చుట్టూ చీము చేరి గట్టిపడితే, సూదితో తీసినా, గొట్టం వేసినా పూర్తిగా రాదు. అప్పుడు పానగల్ వైపు రోగులను హైదరాబాదు పెద్దాసుపత్రులకు పంపుతారు. అక్కడ పక్కటెముకల మధ్య రెండు మూడు చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో చూస్తూ చీమును, పొరలను తీస్తారు. "ఒక ఊపిరితిత్తి ఆపేస్తరట సిస్టరమ్మా, మాకొద్దు" అని సంతకం పెట్టకుండా వెనక్కి వచ్చేవారున్నారు. ఆలస్యమైన కొద్దీ పొర మందమవుతుంది. చిన్న రంధ్రాలతో పోయే పనికి ఛాతీ తెరవవలసి వస్తుంది.

ఎందుకు ఆపుతారు?

గాలి నిండిన ఊపిరితిత్తి కెమెరాకు అడ్డం వస్తుంది. అందుకని మత్తు డాక్టరు రోగికి మత్తు ఇచ్చాక, రెండు దారులున్న గొట్టాన్ని నోటి ద్వారా శ్వాసనాళంలోకి దించుతారు. ఒక దారి కుడి ఊపిరితిత్తికి, మరొకటి ఎడమదానికి. ఆపరేషన్ చేసే పక్కకు గాలి ఆపితే ఆ ఊపిరితిత్తి గాలి తీసిన బుడగలా ముడుచుకుంటుంది. అంతే తప్ప దానిని తీసివేయరు. పని పూర్తయ్యాక మళ్లీ గాలి నింపి, అది విప్పారడం కెమెరాలో చూస్తారు. గొట్టం కొద్దిగా జరిగినా ఇబ్బందే. కనుక వేసిన వెంటనే ఒకసారి, రోగిని పక్కకు తిప్పాక మరోసారి సన్నని కెమెరాతో సరిచూస్తారు.

ఒక్కటి సరిపోతుందా?

చాలామందికి సరిపోతుంది. పక్కకు పడుకోబెట్టడం వల్ల రక్తం ఎక్కువగా కింది ఊపిరితిత్తికి చేరుతుంది. గాలి అందని ఊపిరితిత్తిలో రక్తనాళాలు వాటంతటవే బిగుసుకుంటాయి. ఒక మడికి మడవ కట్టి పక్క మడికి నీళ్లు మళ్లించినట్లన్నమాట. ఎత్తుకు తగిన బరువు 50 కిలోలనుకుంటే, మిషను ఒక్కో శ్వాసకు సుమారు 200 నుండి 300 మిల్లీలీటర్ల గాలి మాత్రమే ఇస్తుంది. ఎక్కువ నెడితే పనిచేసే ఊపిరితిత్తి దెబ్బతింటుంది. వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ 90 కంటే తగ్గితే ఆక్సిజన్ పెంచి, గొట్టం చూసి, కఫం లాగుతారు. అప్పటికీ పెరగకపోతే ఆపరేషన్ కాసేపు ఆపి, రెండో ఊపిరితిత్తికీ గాలి ఇస్తారు.

మత్తులో ఉన్న మనిషి శ్వాసను కనిపెట్టి ఉండాలన్న మాట మనకు కొత్త కాదు. మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరవ నిజాం కాలంలోనే, 1888, 1889లలో హైదరాబాదులో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫాం కమిషన్లు ఆ మాటే గట్టిగా చెప్పాయి. గుండెను పట్టించుకోనక్కర లేదన్నట్లు వారు చెప్పినది మాత్రం తరువాత నిలవలేదు. నేడు రెండింటినీ క్షణక్షణం చూస్తారు.

మీరు చేయవలసినది

బీడీ, చుట్ట ఈ రోజే మానండి. నాలుగు వారాల ముందే మానితే మరీ మేలు. తాగే అలవాటును, ఉబ్బసాన్ని, కదిలే పళ్లను మత్తు డాక్టరు దగ్గర దాచకండి. ఎప్పటి నుండి ఏమీ తినకూడదో, నీళ్లు ఎప్పటి వరకు తాగవచ్చో ఆయననే అడగండి. మూడు బంతుల పరికరంతో గాలి లోపలికి పీల్చడం ముందే నేర్చుకోండి. ఆపరేషన్ తరువాత నొప్పికి భయపడి దగ్గకుండా ఉంటే కఫం చేరుతుంది. దిండును ఛాతీకి అదుముకొని దగ్గండి. గొంతు ఒకటి రెండు రోజులు గరగరలాడవచ్చు. పక్కలో వేసిన గొట్టం తాలూకు సీసాను బాత్‌రూముకు వెళ్లేటప్పుడు కూడా ఛాతీ కంటే కిందనే పట్టుకోండి.