నిల్వ పిండం బదిలీ: గడువులు, దంపతుల హక్కులు

ఈ జవాబుల్లో ‘చట్టం’ అంటే 2022 జనవరి 25న అమల్లోకి వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత (నియంత్రణ) చట్టం, 2021. ‘నిల్వ పిండం’ అంటే ఐవీఎఫ్‌లో రూపొంది, ఫ్రీజ్ చేసి ఉంచిన పిండం. ‘బదిలీ’ అంటే దాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టడం.

1. బదిలీ ఆలస్యమైతే గర్భం నిలిచే అవకాశం తగ్గుతుందా?

ఆలస్యం ఒక్కటే కారణంగా బాగా తగ్గుతుందని చెప్పలేం. అవకాశం ప్రధానంగా అండం సేకరించిన నాటి స్త్రీ వయసుపై ఆధారపడుతుంది. అయితే రక్తపోటు, మధుమేహం వంటి గర్భకాలపు చిక్కులు బదిలీ నాటి వయసును బట్టి పెరుగుతాయి. ఫ్రీజ్ చేయడం అందరికీ మేలు కాదు: పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) ఉన్నవారిలో తాజా పిండం కంటే నిల్వ పిండంతో ప్రసవాలు ఎక్కువని 2016లో చైనా అధ్యయనం చూపింది, పీసీఓఎస్ లేనివారిలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2018లో వియత్నాం అధ్యయనం తేల్చింది. విజయావకాశాలు, ఖర్చు, దుష్ఫలితాలు ముందే వివరించడం క్లినిక్ చట్టబద్ధ బాధ్యత. మీ వయసుకు వర్తించే అంకెను రాతపూర్వకంగా అడగండి.

2. నిల్వ పిండాన్ని ఎంతకాలం ఉంచవచ్చు?

గరిష్ఠంగా 10 ఏళ్లు. ఆ తర్వాత దాన్ని నశించనివ్వాలి, లేదా మీ సమ్మతితో చట్టం కింద నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. ఏటా రుసుము కడుతున్నామన్న కారణంతో ఈ గడువు పెరగదు.

3. వయసు పరిమితి ఉందా?

ఉంది. స్త్రీకి 21 ఏళ్లు దాటి 50 లోపు, పురుషుడికి 21 దాటి 55 లోపు ఉండాలి. పిండం పదేళ్లు నిల్వ ఉండవచ్చు గదా అని 47 ఏళ్ల స్త్రీ ధీమాగా ఉండకూడదు. ఆమెకు వయసు గడువే ముందు ముగుస్తుంది. సరోగసీ (అద్దె గర్భం) చట్టం రాకముందే పిండాలు ఫ్రీజ్ చేసిన దంపతులకు ఆ చట్టంలోని వయసు పరిమితి వర్తించదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇతర సందర్భాల్లో ఆ తీర్పుపై ఆధారపడే ముందు న్యాయవాదిని సంప్రదించాలి.

4. దంపతుల్లో ఒకరు మరణిస్తే, లేదా మనసు మార్చుకుంటే?

మరణం లేదా అశక్తత సంభవిస్తే పిండాన్ని ఏం చేయాలో చికిత్స కోరేవారందరి రాతపూర్వక సూచన, సమ్మతి లేకుండా క్లినిక్ ఫ్రీజ్ చేయరాదు. ఈ సమ్మతి పత్రాన్నే చాలామంది చదవకుండా సంతకం చేస్తారు. దయచేసి అలా చేయకండి. సమ్మతిని బదిలీకి ముందు ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు. విడిపోతున్న దంపతులు ఆ ఉపసంహరణను రాతపూర్వకంగా క్లినిక్‌కు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి.

5. హైదరాబాద్‌లో ఉన్న నిల్వ పిండాన్ని అమెరికాకు తీసుకెళ్లవచ్చా?

సొంత వినియోగానికి మాత్రమే, అదీ చట్టం కింద ఏర్పడిన జాతీయ బోర్డు అనుమతితోనే. అనుమతి లేకుండా తరలించడం నేరం. దేశం లోపల మరొకరికి అప్పగించడాన్నీ చట్టం ఇదే నిబంధనలో చేర్చింది. కాబట్టి క్లినిక్ మారే ముందు కూడా అనుమతి విషయం తేల్చుకోండి.

6. ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ముందుగా క్లినిక్‌లోని ఫిర్యాదుల విభాగంలో. అది ఉండడం తప్పనిసరి. గర్భం నిలవకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. సేవాలోపం ఉంటే, కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. సమ్మతి పత్రాల నకళ్లు, రసీదులు, చికిత్స వివరాలున్న డిశ్చార్జ్ సర్టిఫికెట్ ఈరోజే అడిగి తీసుకోండి.