లాభాలు పొంగినప్పుడు కొనాలా, అడుగంటినప్పుడా?

ప్రశ్న: ఒక మెమరీ చిప్‌ల కంపెనీ షేరు పీఈ 5కు దిగింది. చవకే కదా, కొనవచ్చా?

జవాబు: మిగతా రంగాల్లో తక్కువ పీఈ (ఒక్కో షేరు లాభానికి షేరు ధర ఎన్ని రెట్లో చెప్పే నిష్పత్తి) చవకకు గుర్తు కావచ్చు గానీ, మెమరీ చిప్‌ల విషయంలో అది చాలాసార్లు ప్రమాద సూచన. అమెరికా కంపెనీ మైక్రాన్‌నే చూడండి. 2018 ఆర్థిక సంవత్సరంలో దానికి 1,400 కోట్ల డాలర్ల పైచిలుకు లాభం వచ్చింది. ఆ ఏడాది మే చివర్లో 60 డాలర్లు దాటిన షేరు, ఆ లాభంతో పోలిస్తే ఐదారు రెట్లే పలికింది. డిసెంబరుకల్లా ధర సగమైంది. అదే కంపెనీ 2023 మార్చితో ముగిసిన త్రైమాసికంలో 231 కోట్ల డాలర్ల నష్టం చూపింది; అంతకు ముందే, 2022 చివర్లో, 50 డాలర్ల దగ్గర అడుగు తాకిన షేరు ఏడాది తిరిగేసరికి 80 దాటింది. కారణం సరఫరాలో ఉంది. ఫ్యాక్టరీ కట్టి ఉత్పత్తి మొదలెట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ధర బాగున్నప్పుడు శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడూ విస్తరణకు దిగుతాయి. సరుకంతా ఒక్కసారే మార్కెట్లోకి వచ్చేసరికి గిరాకీ చల్లబడుతుంది. 2023 ఏప్రిల్‌లో శామ్‌సంగ్ సైతం మెమరీ ఉత్పత్తి తగ్గిస్తామని ప్రకటించాక గానీ ఆ మిగులు కరగడం మొదలవలేదు.

ఏఐ గిరాకీతో ఈ చక్రం ఆగిపోయిందని మీరనవచ్చు. గిరాకీ నిజమే, కానీ అది కొత్త ఫ్యాక్టరీలను ఆపదు, ఇంకా పురిగొల్పుతుంది. అడుగు ఎక్కడో ముందే ఎవరికి తెలుస్తుందంటారా? ఎవరికీ తెలియదు. అందుకే త్రైమాసిక నివేదికల్లో నిల్వలు, పెట్టుబడి వ్యయం చూడండి. నిల్వలు తగ్గుతూ, విస్తరణకు కోత పడుతున్నప్పుడు విడతలవారీగా కొనండి. కేవలం పీఈ 5 చూసి మాత్రం ఇప్పుడు కొనవద్దు.