ఏ పిల్లను తెచ్చుకొనవలెను?
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మావారికి శంషాబాద్ విమానాశ్రయంలో షిఫ్టుల ఉద్యోగం, నాకు ఆదిబట్లలో. తుక్కుగూడలో ఫ్లాట్. బాబుకు పదేళ్లు. కుక్కపిల్ల కావాలన్న వాడి పోరు పడలేక షెల్టరుకు వెళ్లాం. ఒకే ఈత పిల్లలు ఐదున్నాయి. ఒకటి ఎగిరొచ్చి బాబు చెప్పు లాక్కుపోయింది. ఒకటి మూల నక్కి కూర్చుంది. బాబుకు మొదటిది కావాలి, నాకు రెండోదాని మీద జాలి. ఏది తెచ్చుకోవాలి?
- ఒక తల్లి, తుక్కుగూడ

జవాబు: అమ్మా, ఒక్కనాటి చూపుతో రెండింటిలో దేనిని తెచ్చుకొనవద్దు. అరగంటసేపు గూటియెదుట నిలిచి, ఏది తోక యాడించినది, ఏది మొగము త్రిప్పుకొన్నదని చూచి, దానినిబట్టి పండ్రెండు పదునాలుగేండ్ల సహవాసమును నిశ్చయించుకొనుట, పెండ్లిచూపులనాడు పిల్ల అందించిన కాఫీ రుచినిబట్టి సంసారమును నిర్ణయించుకొనుటవంటిది. చెప్పు లాగుకొనిపోయినది అప్పుడే నిదుర లేచినదై యుండవచ్చును. మూల నున్నది కడుపునిండ తిని కునుకుచుండవచ్చును, లేదా దానికి జ్వరమే తగిలియుండవచ్చును. ఏడెనిమిది వారముల ప్రాయమున జరుపు పరీక్షలు పెరిగిన కుక్క స్వభావమును గూర్చి నమ్మకముగ చెప్పగలిగినది మిక్కిలి స్వల్పము.

కావున మరియొకనాడు, మరియొక వేళ, బాబును వెంటబెట్టుకొని పొండు. ఆ పిల్లలకు నిత్యము అన్నము పెట్టి గూళ్లు కడుగు మనుష్యుని వెదకి పలుకరింపుడు. గిన్నె పెట్టినపుడు తక్కినవానిని కరచి తరుమునదేదో, తిన్నది కక్కునదేదో, రాత్రి యొంటరిగ నేడ్చునదేదో అతనికి తెలిసినంతగా కార్యాలయమున కూర్చుండువారికి తెలియదు. పిమ్మట కండ్లలో పుసి, ముక్కున చీమిడి, చెవులలో దుర్గంధము, తోకక్రింద విరేచనపు మరకలు కలవేమో చూడుడు. చెవిమడతలు, కాలివ్రేళ్ల సందులు విప్పి గోమార్లు పట్టియున్నవేమో వెదకుడు. ఎముకలు తేలి పొట్టమాత్రము ఉబ్బియున్న పిల్లను బొద్దుగ నున్నదని మురియకుడు. అది నట్టల కడుపు. నట్టల మందుతో అది కుదుటపడును. కాని తిండి ముట్టక, వాంతులతోను రక్తవిరేచనములతోను ఒక పిల్ల పడియున్నచో, ఆ గూటినుండి ఆరోగ్యముగ కనబడు దాని తోబుట్టువును సైతము అప్పుడు తేకుడు. అది పార్వో యైయుండవచ్చును. 1978 ప్రాంతమున లోకమునకు తెలియవచ్చిన ఆ వ్యాధిక్రిమి మట్టిలో నెలల తరబడి చావక యుండును. ఎనిమిది వారములు నిండని పిల్లను తల్లినుండి వేరుచేసి ఇచ్చుచున్నచో, ఆ వారములు నిండినపిదప వత్తుమని చెప్పి వెనుదిరుగుడు. పెంపకందారులు అంతకంటె తక్కువ ప్రాయపు పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనలే చెప్పుచున్నవి. ఉచితముగ తెచ్చుకొనువారికిని అదియే తగిన కొలత.

ఇక నా పాత పాట. మీరు ఏ పిల్ల యని యడిగితిరి. నేను ఏ యిల్లని యడుగుచున్నాను. స్కాట్, ఫుల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞు లిరువురు బార్ హార్బరు ప్రయోగశాలలో బహుసంవత్సరములు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ప్రకటించిన గ్రంథమువలన మనకు తెలియవచ్చిన దేమనగా, మూడవ వారము మొదలు సుమారు పండ్రెండవ వారము వరకు గల స్వల్పకాలమున కుక్కపిల్ల బెదరక ఎరుగుకొన్నదే దానికి జీవితాంతము చనవైన లోకమగును. మీరు దానిని ఇంటికి తెచ్చునప్పటికే ఆ గడువులో సగము దాటియుండును. లిఫ్టు తలుపు, కుక్కరు కూత, తలమీద విమానముల మోత, శ్రీశైలము రోడ్డుమీది లారీలు, బోనాల డప్పులు, గొడుగు పట్టుకొన్న ముసలివారు - వీనినన్నిటిని చంకనెత్తుకొని మెల్లగ దానికి పరిచయము చేయువారెవరు? టీకాలు పూర్తికాకమునుపు వీధికుక్కలు తిరుగు నేలమీద దింపరాదు. అట్లని నాలుగు గోడలమధ్య బంధింపనురాదు. ఆ ప్రాయమున రెండు మూడు గంటలకు మించి మూత్రము నాపుకొనజాలదు. మొదటి నెల మీ షిఫ్టులను పరస్పరము సర్దుకొని, ఇల్లెన్నడును మూడు గంటలకంటె నెక్కువ శూన్యముగ నుండకుండ చేయగలరేని, ఆ ఐదింటిలో ఆరోగ్యముగల దేదైనను మీకు సరియైనదే. చేయజాలరేని ఐదింటిలో నొక్కటియు సరియైనది కాదు. "రోజూ నేనే తిప్పుతా" నని బాబు చేసిన ప్రమాణము యూనిట్ టెస్టులదాక నిలుచును. దానిని లెక్కలోనికి తీసికొనకుడు.

ప్రశ్న: నల్ల కుక్క ఇంట్లో ఉంటే శనిదోషం పోతుందంటారు. తెల్లది తెస్తే ఫలితం ఉంటుందా?
- రావిర్యాల

జవాబు: రంగు విడిచి, టీకాల కార్డు చూడుడు.

ప్రశ్న: మహేశ్వరం దగ్గర అరెకరంలో ఫామ్‌హౌస్ కట్టుకున్నాం. శని, ఆదివారాల్లో వెళ్తాం. వాచ్‌మన్ కుటుంబం ఉంది గానీ, కాపలాకు రెండు కుక్కపిల్లల్ని ఊరికే ఇచ్చే చోటు చెప్పండి. బాగా కరిచేవైతే మంచిది.
- వనస్థలిపురం

జవాబు: ఊరక వచ్చునది పిల్ల మాత్రమే, దాని తిండి, మందులు, టీకాలు, కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స ఊరక రావు. వారమున ఐదు దినములు గొలుసున కట్టుపడి, రెండు దినములు మీ యతిథుల బిర్యానీ యెముకలు తిని పెరిగిన కుక్క నిక్కముగ కరచును. అయితే దొంగను కాదు, వాచ్‌మన్ బిడ్డను. జనమేజయుని తమ్ములు యాగశాలకు వచ్చిన కుక్కపిల్లను నిష్కారణముగ మోదగా, దాని తల్లి సరమ రాజసన్నిధికే వచ్చి నిలదీసినదని ఆదిపర్వకథ. మీ గేటు కడకు సరమ రాదు గనుక నేను వ్రాయుచున్నాను. ఫామ్‌హౌస్ అమ్ముడుపోయిన మరునాడు గేటు బయట నిలిచి వచ్చిపోవు కార్లనెల్ల చూచుచుండు కుక్కల నెరుగని ఊరు ఈ చుట్టుప్రక్కల నున్నదా? దత్తత తీసికొన్న కుక్క మరల వీధిపాలు కాకుండ చూచుట తీసికొన్నవారి బాధ్యతయని సర్వోన్నత న్యాయస్థానము 2025 ఆగస్టు 22న స్పష్టముగనే చెప్పినది.

చోట్లు లేకపోలేదు. అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ కలదు. 2025 ఆగస్టు 17న జి.హెచ్.ఎం.సి. వారు బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో దత్తత మేళా జరిపి, టీకాలు వేయించిన దేశవాళీ పిల్లలను ఉచితముగ నిచ్చుటకు పూనుకొనిరి. అట్టి చోట్లకు పోయినపుడు, కుక్క యెచట పడుకొనును, సోమవారమునాడు దానికి అన్నము పెట్టువారెవరు అని యడుగుదురు. నిజము చెప్పుడు, వారే మిమ్ము త్రిప్పి పంపుదురు. వచ్చుచు దారిలో సి.సి. కెమెరా కొనుక్కొనుడు.

ప్రశ్న: 2023లో అంబర్‌పేటలో పసివాణ్ని కుక్కలు చంపిన వార్త చూసినప్పటి నుంచి మా అత్తగారు వీధికుక్క పిల్ల అంటేనే వణుకుతున్నారు. ఇంట్లో నాలుగేళ్ల పాప. ఆ భయంలో అర్థముందా?
- శంషాబాద్

జవాబు: ఉన్నది. వీధిలో గుంపుగట్టిన కుక్కలు వేరు, ఇంటిలో మనుష్యులమధ్య పెరుగు నొంటి పిల్ల వేరు అను మాట నిజమే. కాని దానితో నామె నోరు మూయింపకుడు. రేబిస్ విషయమున నేనామె పక్షమే. ఆ టీకా మొదటిసారి మూడు నెలల ప్రాయమున వేయింతురు. అంతవరకు పిల్లకు దాని రక్షణ లేదు. పాలపండ్లు సూదులవలె నుండును, ఆటలో గీరకమానవు. "పిల్లకాటే గదా" యని పసుపో సున్నమో కారమో అద్దక, పారునీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రభుత్వాసుపత్రికి, కానిచో నారాయణగూడ ఐ.పి.ఎం. (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కు పోయి డాక్టరు చెప్పినట్లు చేయవలెను. మూడు నెలలు దాటి రేబిస్ టీకా పడిన పిల్లను తెచ్చుకొన్నచో మీ అత్తగారి గుండెకును విశ్రాంతి. అది తినునపుడు పాపను దగ్గరకు పోనీయకుడు. ఆ యిరువురిని ఒంటరిగ నొక గదిలో నెన్నడును విడువకుడు.

ప్రశ్న: రిటైరైన టీచర్ని. డెబ్బై దాటాయి. మహేశ్వరంలో ఒక్కణ్నే ఉంటాను. పొద్దున శివగంగ గుడి దాకా నడక. తోడుకు కుక్కపిల్లను తెచ్చుకోమని అమెరికా నుంచి మా అమ్మాయి ఒత్తిడి.

జవాబు: అమ్మాయిగారి తలంపు మంచిది, పిల్ల యన్నమాట యొక్కటియే మంచిది కాదు. మాస్టారూ, నాలుగైదేండ్ల వయస్సుగల, శస్త్రచికిత్స జరిగిన కుక్క నడుగుడు. దాని పొడవు, బరువు, గొంతు, కోపతాపములు ఇప్పటికే బయటపడియున్నవి. ఊహింపవలసిన దేదియు లేదు. మీ పాదములకు చుట్టుకొని మిమ్ము పడవేయు ప్రాయము దానికి గడచినది. ఎవరును అడుగక షెల్టర్లలో మిగిలిపోవునవియు ఇవియే. అచటనే కొన్ని యుదయములు పట్టీ పట్టుకొని నడిపించి చూడుడు; మీ నడకకు తన నడక తగ్గించుకొనునది మీది. మీ తదనంతరము దానిని చేరదీయువారెవరో ముందుగనే అమ్మాయిచేత మొగమాటము లేక వ్రాయించుకొనుడు.

ప్రశ్న: తెచ్చేశాం. ఇంగ్లీషు పేరు పెట్టాలా, తెలుగు పేరా?
- మంఖాల్

జవాబు: రెండక్షరముల దేదైనను సరే. మీ మామగారు రాజా యనియు, పిల్లలు రాకీ యనియు, మీరు ఒరేయ్ అనియు పిలిచిన నది యెవరికడకును రాదు.